అరగదీసిన సంఖ్య

ఇంజనీరు వచ్చేసరికి ఆమె దుకాణం మూసే ప్రయత్నంలో ఉంది. పొద్దున్నే తెరిచిన దుకాణాన్ని పొద్దున్నే మూయడం ఆమెకు అలవాటు లేని పని. కానీ ఆసుపత్రి నుంచి కబురొచ్చింది: కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరుసలో తమ్ముడు మొదటి స్థానానికి చేరాడు. సరిపోయే కిడ్నీ దొరికిన క్షణాన పిలుపు వస్తుంది. అతని బట్టలు సంచిలో సర్దేసి, కౌంటరు మీది కళ్ళజోళ్ళ ఫ్రేములను అరల్లో పెడుతూ, తన చేతులు తొందరపడటం ఆమె గమనించింది. సంతోషం ఆ చేతుల దాకా వచ్చింది. లోపలికి ఇంకా రాలేదు.

ఇంజనీరు కళ్ళజోడు అతని ముక్కు మీదే ఉంది. విరగలేదు, వంగలేదు. అద్దాల పని మీద రాలేదని అర్థమైంది.

"కూర్చోండి. మొహం అలా ఉందేంటి?"

"పళ్ళ డాక్టరు పగలగొట్టలేదటండీ."

"ఏం పగలగొట్టలేదు?"

"చిప్పు. మీ ఆరుగురికీ తలా ఒకటి ఇచ్చాం, గుర్తుందా? ఆయన దాన్ని డ్రాయర్లో దాచుకున్నాడట. మొన్న ఎవరిదో రిటైర్మెంటు విందులో నోరు జారాడు. మంచి పని చేసినందుకు గుర్తుగా ఉంచుకున్నానని గొప్పగా చెప్పాడట."

ఆమెకు ముందు నవ్వొచ్చింది. "పీకిన పళ్ళు కూడా దాచుకుంటాడేమో, పాపం."

అతను నవ్వలేదు.

"ఒక్కరు చాలన్నారుగా మీరు," అందామె. "మిగతా ఐదుగురం ఉన్నాం కదా."

"ఆ మాట పట్టుకునే తిరుగుతున్నానండీ. ఇప్పుడు మీలోనే ఉన్న లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళాలి."

అతను వెళ్ళిపోయాక ఆమె షట్టరు దించింది. బస్సులో కూర్చున్నాక గాని, ఆ నవ్వు తన పెదవుల మీద అనవసరంగా మిగిలి ఉందని తెలియలేదు.

ఆ ఆరుగురి సంగతి ఇది. ఊళ్ళోని ఆసుపత్రులన్నీ కలిసి ఆ వరుసను నడుపుతాయి. ఎవరి జబ్బు ఎంత ముదిరిందో పక్కవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే కొందరి ఉద్యోగాలు పోతాయి, కొందరి కాపురాలు కదులుతాయి. అయినా ముందున్నవాడు ఎందుకు ముందున్నాడన్న విషయంలో వెనకవాడికి నమ్మకం కుదరాలి. అందుకని ఏ ఆసుపత్రీ రోగి వివరాలను బయటపెట్టదు. ఆ వివరాల మీద లెక్క నిబంధన ప్రకారమే జరిగిందనే రుజువును మాత్రం పంపుతుంది. మిగతా ఆసుపత్రుల కంప్యూటర్లు ఆ రుజువును సరిచూసి, తమ ఉమ్మడి చిట్టాలో, అంటే బ్లాక్‌చెయిన్‌లో, చేరుస్తాయి. చేరినదాన్ని ఆ తరువాత ఎవరూ దిద్దలేరు.

ఇదంతా మొదలుపెట్టిన రోజుల్లో ఇంజనీరు ఈ దుకాణంలోనే కూర్చుని ఆమెకు విడమరచి చెప్పాడు. "మీ దగ్గర అద్దాలు చేయించుకున్నాయన రోడ్డు మీద నిలబడి దూరంగా వచ్చే బస్సు నంబరు చదివాడనుకోండి. అద్దాలు సరిగ్గా కుదిరాయని నాకు తెలిసిపోయింది. ఆయన పవరెంతో నాకు తెలియదు, అడగాల్సిన పనీ లేదు. మా రుజువూ అలాంటిదే." ఆ పోలిక ఆమెకు నచ్చింది. ఒక మనిషి లోపలిది లోపలే ఉంచుకుంటూ నమ్మకం సంపాదించుకోవచ్చునన్న ఆలోచన ఇంకా నచ్చింది.

ఆ రుజువుల యంత్రాంగానికి ఒక పుట్టుక అవసరమైంది. ఆరుగురు, ఒకరికొకరు తెలియనివాళ్ళు, వేరువేరు వృత్తులవాళ్ళు, తలా ఒక రహస్య సంఖ్యను అందులో కలపాలి. కలిపిన వెంటనే ఆ సంఖ్య ఉన్న చిప్పును నాశనం చేయాలి. ఆరు సంఖ్యలూ ఒకే చేతిలో పడితే ఆ చేయి దొంగ రుజువులు పుట్టించగలదు. ఏ కంప్యూటరూ వాటిని పట్టుకోలేదు. ఆరుగురిలో ఒక్కరు నిజాయితీగా చెరిపేసినా ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. "ఒక్కరు చాలు," అని ఇంజనీరు ఆ రోజు గర్వంగా చెప్పాడు. ఆరుగురూ విడివిడిగా ఆ మాట విన్నారు. చేటు చేసింది ఆ మాటే. ఎవరికి వారు ఆ ఒక్కరు పక్కవాళ్ళలో ఉంటారనుకున్నారు.

ఆమె అలా అనుకోలేదు. అందులో గొప్పతనమేమీ లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేయకపోతే ఆమెకు తిండి సయించదు, అంతే. దుకాణం వెనక గదిలో, లెన్సుల అంచులు అరగదీసే చక్రం మీద చిప్పును పట్టకారుతో అదిమి పట్టింది. చక్రం మీద నీటిధార పడుతూనే ఉంది. కాలిన వాసన కాస్త వచ్చి పోయింది. నల్లటి బురద తొట్టిలోకి, తొట్టి నుంచి తూములోకి జారింది. గదిలో ఎవరూ లేరు. ఎవరూ ఉండకూడదన్నది నిబంధన. కెమెరా ఉండకూడదు, ఫోను ఉండకూడదు, సాక్షి ఉండకూడదు. చూసిన కన్ను కూడా ఒక నకలేనని కాగితంలో రాశారు. తమ్ముడి జబ్బు అప్పటికి బయటపడలేదు.

ఇంజనీరు దుకాణానికి వచ్చి వెళ్ళాక వారం తిరక్కముందే మిగతావాళ్ళ సంగతులు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. లైబ్రేరియన్ పారేయలేకపోయాడు. ఏదైనా సరే, చేతికొచ్చినదాన్ని భద్రపరచడం తప్ప ఆయనకు మరొకటి చేతకాదు. బస్సు డ్రైవరు మరిచిపోయాడు. చిప్పు పాత చొక్కా జేబులో, చొక్కా మూటలో దొరికింది. దర్జీ దాన్ని గుండీల డబ్బాలో వేసింది. రేడియోలో వార్తలు చదివే ఆయన ముందు చాలాసేపు నీళ్ళు నమిలాడు. ఎప్పటికైనా ఆసక్తికరమైన వార్త అవుతుందని ఉంచానని చివరికి ఒప్పుకున్నాడు.

కమిటీ పిలిస్తే అందరూ ఆసుపత్రి పాలనాభవనం నడవాలో బెంచీల మీద కూర్చున్నారు. ఇన్నాళ్ళకు ఒకరినొకరు చూడటం అదే మొదలు.

"మీరు నిజంగానే నాశనం చేసేశారా?" పళ్ళ డాక్టరు ఆమె వైపు వంగి అడిగాడు. "ఎంత పని చేశారండీ."

"చేయమన్నారు కదా."

"చేయమంటారు. వాళ్ళు చాలా అంటారు. రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోమని నేనూ అంటాను."

డ్రైవరు గొంతు తగ్గించాడు. "అక్కా, నామాట విను. దాచానని ఒప్పేసుకో. మమ్మల్ని ఏమన్నారు? నాలుగు చివాట్లు పెట్టారు, కాఫీ ఇచ్చారు. నీకూ అంతే."

"ఒప్పుకుంటే చిప్పు తెమ్మంటారు కదా. ఎక్కణ్ణుంచి తేను?"

డ్రైవరు ఆలోచించాడు. "అదొకటుంది," అన్నాడు.

లోపల పొడవాటి బల్లకు ఒకవైపు కమిటీ అధ్యక్షురాలు, ఆమె పక్కన ఇంజనీరు ఉన్నారు. అధ్యక్షురాలు ఒకప్పుడు రక్తపరీక్షల డాక్టరు. మాట మెత్తగా ఉంటుంది గాని, ఏదీ ఊరికే వదిలిపెట్టే మనిషి కాదు.

"ఎలా నాశనం చేశారమ్మా?"

"లెన్సులు అరగదీసే చక్రం మీద. పొడంతా నీళ్ళతో పాటు తూములోకి పోయింది."

"ఎవరైనా చూశారా?"

"చూడకూడదన్నారు."

"పోనీ, ఫోటో?"

"కెమెరా ఉన్న గదిలో చిప్పు బయటికి తీయొద్దని మీరిచ్చిన కాగితంలోనే ఉంది."

"ఉంది," అని అధ్యక్షురాలు ఒప్పుకుంది. నిట్టూర్చి ఇంజనీరు వైపు తిరిగింది. "ఐదు సంఖ్యలూ ఇన్నాళ్ళుగా డ్రాయర్లలో, డబ్బాల్లో పడి ఉన్నాయి. ఎవరెవరు నకలు తీసుకున్నారో ఆ పైవాడికే తెలియాలి. అంటే మొత్తం ఈవిడ మాట మీద నిలబడింది. అవునా?"

"అవునండీ."

"ఈవిడ చెరిపేశారో లేదో గణితంతో తేల్చలేవా?"

ఇంజనీరు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడవాల్సినదేమీ దాని మీద లేదని ఆమె గమనించింది. "సంఖ్య తెలిసిన మనిషి, ఆ సంఖ్య చెప్పకుండానే తనకు తెలుసని నిరూపించగలదు. తెలియని మనిషి తనకు తెలియదని నిరూపించడానికి దారి లేదండీ. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టగలరని కూడా నేననుకోను."

"దొంగ రుజువు ఏదైనా ఇప్పటికే దూరిందేమో చూడొచ్చా?"

"అసలుదీ నకిలీదీ ఒకేలా ఉంటాయి. లోపల ఏముందో కనపడకూడదనే కదా ఇదంతా కట్టాం."

అధ్యక్షురాలు మళ్ళీ ఆమె వైపు తిరిగింది. "మీ వాళ్ళెవరైనా వరుసలో ఉన్నారా?"

ఇంజనీరు తల వంచుకుని కాగితాల్లోకి చూశాడు. వరుసలో ఎవరున్నారో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలుసుకునే మార్గమూ లేదు. లేరంటే సరిపోతుంది. ఆ లేరన్న మాటను కూడా ఎవరూ పరీక్షించలేరు. అంత తేలిక.

"నా తమ్ముడు," అందామె. "మొదటి స్థానం."

అధ్యక్షురాలు ఆ మాటను రాసుకుంది. ఆమెకు ఒక విచిత్రం తోచింది. చిప్పు నాశనం చేశానన్నప్పుడు సాక్షి ఎవరని అడిగినవాళ్ళు, తమ్ముడున్నాడన్నప్పుడు ఏ సాక్ష్యమూ అడగలేదు. తనకు నష్టం చేసే నిజాన్ని నమ్మడానికి వాళ్ళకు రుజువు అక్కరలేకపోయింది.

"వాడి కాగితాలన్నీ తెరిచి చూడండి," అందామె. "వాడు ఒప్పుకుంటాడు. రక్తపరీక్షలు, డయాలసిస్ లెక్కలు, అన్నీ."

"తెరిస్తే ఆయన జబ్బుకు లెక్కలో వేసిన మార్కులు నిజమేనని తెలుస్తుంది," అన్నాడు ఇంజనీరు, నేల చూపులు చూస్తూ. "వెనకున్నవాళ్ళ మార్కులు ఎవరైనా తగ్గించారేమో తెలియదు. అది తెలియాలంటే అందరూ తెరవాలి. తెరవక్కరలేదని మాటిచ్చి చేర్చుకున్నాం వాళ్ళని."

"మిమ్మల్ని అనుమానిస్తున్నానని కాదమ్మా," అంది అధ్యక్షురాలు. "మీ మొహం చూస్తే నాకు నమ్మకంగానే ఉంది. కానీ వరుసలో మూడో వ్యక్తి భార్యో, పదో వ్యక్తి తండ్రో రేపు వచ్చి అడిగితే, ఆవిడ మొహం బాగుందని చెప్పలేను కదా."

ఆ మాటలో తప్పు వెతికింది ఆమె. దొరకలేదు. అవతలి కుర్చీలో తానున్నా ఆ మాటే అనేది.

వరుసను తాత్కాలికంగా ఆపారు. కొత్త ఆరుగురిని వెతకాలి, కొత్త సంఖ్యలు కలపాలి, ప్రతి ఆసుపత్రీ ప్రతి రోగికీ మళ్ళీ రుజువు పుట్టించాలి. అందాకా ఏ ఆసుపత్రి రోగులను ఆ ఆసుపత్రే చూసుకుంటుంది. తమ్ముడున్నది చిన్న ఆసుపత్రి. అక్కడికి కిడ్నీలు రావు. అక్కడి నుంచి రోగులే పోవాలి.

ఆపిన కొద్దిరోజులకే ఒక కిడ్నీ వచ్చింది. తమ్ముడి రక్తానికి సరిగ్గా సరిపోయేదేనట. పెద్దాసుపత్రి దాన్ని తన రోగికి పెట్టుకుంది. ఈ సంగతి మరదలు నర్సుల ద్వారా రాబట్టింది. డయాలసిస్ గది బయట, మంచినీళ్ళ యంత్రం దగ్గర, వదినను నిలదీసింది.

"వదినా, ఒకటి అడుగుతాను. కోపం తెచ్చుకోవద్దు."

"అడుగు."

"ఐదుగురూ దాచుకున్నారు. చదువుకున్నవాళ్ళూ, చదువుకోనివాళ్ళూ, అందరూ. మీరొక్కరే అరగదీశారంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? లోపల పడుకున్న నా మొగుడికి మీరు తోడబుట్టినవారు కాబట్టి నమ్మాలని చూస్తున్నాను. నాకే కష్టంగా ఉంది."

"నమ్మకపోతే ఏమనుకుంటున్నావు? నా దగ్గరుందనా?"

"ఉండాలని మొక్కుకుంటున్నాను," అంది మరదలు. "డాక్టరేమన్నాడో మీకు చెప్పలేదు ఆయన. డయాలసిస్ సూది గుచ్చడానికి రెండు చేతుల్లోనూ చోటు అయిపోయింది. మెడ దగ్గర గొట్టం పెట్టారు, దానికీ చీము పడుతోంది. ఆ కొత్త ఆరుగురు దొరికేదాకా ఆగే మనిషి కాదు వదినా, మీ తమ్ముడు. మిగతా ఐదూ ఇప్పుడు ఊళ్ళో చలామణీ అవుతున్నాయంట. ఆయన పెద్దాసుపత్రి రోగేనని రుజువు పుట్టించడానికి మీది ఒక్కటి ఉంటే చాలంట."

"వరుసే ఆపేశారు కదమ్మా. ఉన్నా ఏం లాభం?"

"పాత రుజువులు పెద్దాసుపత్రిలో ఇంకా ఒప్పుకుంటున్నారంట, చివరి వారం. ఎవరో అన్నారు."

ఎవరన్నారో ఆమె అడగలేదు. ఆశ పుట్టడానికి ఎవరో అన్నారన్నది చాలు.

ఆ సాయంత్రం ఆమె దుకాణానికి వెళ్ళింది. దీపం వేసి, వెనక గదిలో చక్రం ముందు కూర్చుంది. ఆ రోజును మళ్ళీ చూడాలని ప్రయత్నించింది. పట్టకారు, నీటిధార, కాలిన వాసన. ఇన్నిసార్లు చెప్పి చెప్పి ఆ జ్ఞాపకం కూడా అరిగి నున్నబడింది. ఇప్పుడు తనకు కనిపిస్తున్నది ఆ రోజా, లేక ఆ రోజు గురించి కమిటీకి తాను చెప్పిన మాటలా? చిప్పు మొత్తం అరిగిందా? చివరి ముక్క ఏదైనా పట్టకారు నుంచి జారి ఉంటుందా? ఆమె లేచి డ్రాయర్లు తీసింది. స్క్రూల డబ్బా గుమ్మరించింది. ముక్కు మీద ఆనే మెత్తల డబ్బా, విరిగిన కళ్ళజోడు కాడల డబ్బా, చక్రం కింది తొట్టి, తొట్టి వెనక సందు, అన్నీ వెతికింది. మోకాళ్ళ మీద కూర్చుని చీకటి సందులోకి చేయి చాపినప్పుడు తాను చేస్తున్నది ఏమిటో ఆమెకు అర్థమైంది. లేదని రూఢి చేసుకోవడానికి వెతకడం లేదు. ఉండాలని వెతుకుతోంది.

చేతికి తడి బూజు తగిలింది. చేయి కడుక్కుని దుకాణం మూసింది.

మర్నాడు డయాలసిస్ గదిలో తమ్ముడు మంచం తల భాగం ఎత్తించుకుని పడుకుని ఉన్నాడు. అతను లిఫ్టు మెకానిక్కు. ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో ఊళ్ళో సగం భవనాల లిఫ్టుల గొంతులు గుర్తుపట్టేవాడు. మెడ దగ్గరి గొట్టం పనిచేయడం మానేస్తే, ఈసారికి ఎలాగోలా ముంజేతి మీదే ఒక చోటు వెతికి సూది గుచ్చారు. యంత్రం రక్తాన్ని తీసుకుంటూ, ఇస్తూ ఉంది.

"నీ మరదలు నిన్ను దులిపేసిందట కదా," అన్నాడు.

"దులపలేదు. అడిగింది."

"అది అడగడమే అలా ఉంటుంది. పెళ్ళిచూపుల్లో నన్నూ అలాగే అడిగింది. భయపడి ఒప్పుకున్నాను."

ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అతను ఆమె వైపు ఒరిగాడు. తరువాత, పక్క మంచానికి వినపడకుండా అన్నాడు. "అక్కా. నేను ఎవరికీ చెప్పను. దానిక్కూడా చెప్పను. ఉందా?"

"లేదురా."

"సరే."

ఆ సరేను ఆమె చిన్నప్పటి నుంచి ఎరుగును. తనకేదో దక్కదని తెలిసినప్పుడు, ఇచ్చేవాళ్ళను ఇబ్బంది పెట్టకుండా తప్పుకునే సరే అది. అతను నమ్మలేదు. ఉండి కూడా, న్యాయం కోసం, వెనకున్న ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం అక్క వాడటం లేదని అనుకుంటున్నాడు. అందుకు ఆమెను క్షమిస్తున్నాడు కూడా. బయట ఉన్నవాళ్ళ దృష్టిలో ఆమె తమ్ముడి కోసం మోసం చేయగలిగిన మనిషి. లోపల ఉన్నవాడి దృష్టిలో తమ్ముడి కోసం కూడా మోసం చేయని మనిషి. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ తాను కాదు. తాను చెప్పిన పని చెప్పినట్టు చేసింది, అంతే. ఆ చిన్న సంగతిని ఈ భూమ్మీద ఒక్క మనిషికి కూడా ఇవ్వలేకపోతోంది.

"ఒట్టు వేయమంటావా?"

"వద్దే. ఒట్టు వేస్తే నమ్మాల్సి వస్తుంది." నవ్వాడు. నవ్వుకు దగ్గొచ్చింది. అది తగ్గేదాకా ఆగి, "పోనీ ఒకటి చెప్పు. ఒకవేళ ఉండుంటే?"

ఈ ప్రశ్న ఆమెను కమిటీ అడగలేదు, మరదలు అడగలేదు. నిన్న సందులోకి చేయి చాపినప్పుడు తనను తాను కూడా అడగలేదు. అప్పుడు చేయే జవాబు చెప్పింది.

"వాడేదాన్ని," అంది.

"నిజంగా?"

"ఆలోచించకుండా."

"అయితే కమిటీ వాళ్ళ అనుమానం కరెక్టేనన్నమాట," అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. పక్క మంచం మీదాయన తల తిప్పి చూశాడు. నవ్వు ఆగాక తమ్ముడు కళ్ళు మూసుకుని, "నమ్మానులే అక్కా," అన్నాడు. దేన్ని నమ్మాడో, లేదన్నదాన్నో, వాడేదాన్నన్నదాన్నో, లేక ఆమెను ఇంటికి పంపేయడానికి ఆ మాటన్నాడో ఆమెకు తెలియలేదు. అడిగితే మళ్ళీ నమ్మానంటాడు. అంతకు మించి అతని దగ్గర కూడా చూపించడానికేమీ లేదు.

యంత్రం గంట మోగించింది. నర్సు వచ్చి గొట్టాలు విప్పి, ముంజేతి నుంచి సూది లాగి, ఆ చోట దూది పెట్టి ఆమె వేలిని దాని మీదికి తెచ్చింది.

"గట్టిగా నొక్కి పట్టుకోండి. నేను చెప్పేదాకా తీయొద్దు."

ఆమె నొక్కి పట్టుకుంది. అతను నిద్రలోకి జారుతున్నాడు. వేలి కింద అతని రక్తం, బయటికి రావాలని, మెల్లగా కొట్టుకుంటూ ఉంది. నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళింది, అక్కణ్ణుంచి తలుపు వైపు వెళ్ళింది. దూది ఒక పక్క ఎర్రబడింది. ఆమె ఇంకొంచెం గట్టిగా నొక్కింది.